మూడు పాయల రొట్టె

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన మనకు రొట్టె అంటే దిబ్బరొట్టె. మినప్పిండి, బియ్యపు రవ్వ, మందపాటి మూకుడు, సన్నని సెగ ఉంటే చాలు. మైదాను ఈస్టుతో పొంగించి ఓవెన్‌లో కాల్చే రొట్టె బేకరీవాళ్ల పని అనుకుంటాం. అలాంటిది ఒక ఈస్టరుకు ముందురోజు శనివారం, మా ఇంట్లో మొదటిసారి జడరొట్టె చేయడానికి పూనుకున్నాం.

యూదులు శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినానికి స్వాగతం చెబుతూ బల్లమీద ఉంచే 'హల్లా' రొట్టె అది. అరణ్యంలో విశ్రాంతి దినానికి ముందురోజు రెండంతలు మన్నా దొరికిన సంగతికి (నిర్గమ 16:22) గుర్తుగా రెండు రొట్టెలు పెడతారు. యేసుప్రభువు విరిచిన రొట్టె జడలా ఉండేదని కాదు. ఆ అల్లిక ఎన్నో శతాబ్దాల తర్వాత ఐరోపా యూదుల ఇళ్లలో మొదలైంది.

అరకిలో మైదా, రెండు చెంచాల ఈస్టు, రెండు గుడ్లు, కాస్త పంచదార, నూనె, ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. మన ఏప్రిల్ ఉక్కకు గంట తిరక్కుండానే ముద్ద రెట్టింపైంది. దాన్ని మూడు భాగాలు చేసి తాళ్లలా సాగదీశాం. చేతికి అంటుకుంటోందని ఒక్కో పాయకూ పొడిపిండి బాగా పట్టించాం. ఊడిపోకూడదని గట్టిగా బిగించి అల్లాం. పీటమీద కూర్చుని చూస్తున్న అత్తయ్యగారు "అంత బిగించకండమ్మా, దానికి తలనొప్పి వస్తుంది" అన్నారు. నవ్వాం గాని వినలేదు. అరగంట తర్వాత తీసి చూస్తే పైన రంగు బాగానే ఉంది. కానీ ఒక పక్క పాయలు తెగిపోయాయి. చివర సరిగా నొక్కనిచోట మూడు పాయలూ మూడు దారులు పట్టాయి.

తప్పులు తర్వాత తెలిశాయి. పొడిపిండి ఎక్కువైతే పాయకు పాయ అంటదు. బిగించి అల్లితే పొంగడానికి చోటులేక తెగుతుంది. రెండు కొసలూ నొక్కి కిందికి మడవకపోతే విడిపోతుంది. ఆ రాత్రి ఆ రొట్టెను చూస్తుంటే మన సంఘాలే గుర్తుకొచ్చాయి.

పాయ అనే మాట మనకు జడకూ ఉంది, నదికీ ఉంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠలోనుండి వైనతేయ పాయ విడిపోతుంది. 1847-1852 మధ్య కాటన్ దొర అక్కడే ఆనకట్ట కట్టించాడు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలని పేర్లు వేరైనా ఆ పొలాలు తాగేది ఒకే గోదావరి నీరు.

సువార్త కూడా ఈ నేలకు పాయలుగానే వచ్చింది. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నర్సాపురం ప్రాంతంలో పనిచేశారు. 1845లో జర్మనీ నుండి వాలెట్ రాజమండ్రిలో లూథరన్ మిషన్ ప్రారంభించాడు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో అడుగుపెట్టారు. బ్రదరెన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం ఒకే రొట్టెను విరుస్తారు. లూథరన్లు పులియని పలుచని అప్పం తీసుకుంటారు. చాలా బాప్టిస్టు సంఘాల్లో ప్రభువు బల్ల నెలకొకసారి ఉంటుంది. ఈ తేడాలు దోషం కాదు. పాయలు లేనిదే జడ లేదు.

మనల్ని ఒకరికొకరం అంటుకోనివ్వని పొడిపిండి వేరే ఉంది. దాని పేరు కులం. ఒకే ఊరు, ఒకే మిషన్, ఒకే పాటల పుస్తకం, అయినా రెండు పేటలకు రెండు చర్చీలు! పెళ్లి సంబంధం రాగానే రక్షణ సంగతి కంటే ముందు "వాళ్లు ఎవరు?" అని ఆరా తీస్తాం. కొరింథులో కలిగినవారు ముందే కడుపునిండా తింటే, లేనివారు ఆకలితో మిగిలారు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదని అపొస్తలుడైన పౌలు ముఖంమీదే చెప్పాడు (1 కొరింథీ 11:20-22). రొట్టె ఒక్కటే గనుక మనమంతా ఒక్క శరీరమేనన్నదీ ఆయనే (1 కొరింథీ 10:17). ఆ మాట మనం బల్లదగ్గర విని, గుమ్మం దగ్గర మరచిపోతున్నాం.

దీనికి మందు బిగించి అల్లడం కాదు. ఏడాదికొకసారి అందరినీ ఒకే వేదిక ఎక్కించి, శాలువాలు కప్పి, ఐక్యత వచ్చేసిందంటే అది ఓవెన్ వేడికి నిలవదు. ఎవరి ఆరాధన పద్ధతిని వారికి వదిలి, రెండు కొసలు మాత్రం గట్టిగా కలపాలి. మొదటి కొస బాప్తిస్మం. అది ఒక్కటేనని వాక్యం చెబుతోంది (ఎఫెసీ 4:5). రెండో కొస సమాధి. కొన్ని ఊళ్లలో మనం విడిపోయేది సరిగ్గా అక్కడే. పునరుత్థానాన్ని నమ్మే మనం, చనిపోయినవారిని కూడా వేర్వేరు గోడల వెనుక పడుకోబెడితే ఈస్టరు ఉదయం మనం పాడేదానికి అర్థమేమిటి?

ఆ తెగిన రొట్టెనే మర్నాడు సూర్యోదయ ఆరాధనకు తీసుకెళ్లాం. ఆరాధన అయ్యాక కాఫీతోపాటు తలా ఒక ముక్క తిన్నారు. తమకొచ్చిన ముక్క ఏ పాయలోదో ఎవరూ అడగలేదు. ముద్ద ఒక్కటే కదా!

ఈ వారం పక్కపేట సంఘంలోని ఒక కుటుంబాన్ని మన ఇంటికి భోజనానికి పిలుద్దాం. వాళ్లు పిలిస్తే వెళ్దాం. పిలవడం కంటే వెళ్లడమే మనలో చాలామందికి కష్టం. అక్కడే మొదలుపెడదాం.