నెలకొక సాయంత్రం ఆలుమగలది



బోనసు, డి.ఏ., గ్రాట్యుటీ గురించి రాయవలసిన చోట ఆలుమగల ముచ్చట్లేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. యూనియన్ ఆఫీసు గడప తొక్కే తగాదాలన్నీ యాజమాన్యంతో వచ్చినవే కావు, ఇంటివి చాలానే ఉంటున్నాయి. ఆయనది రాత్రి షిఫ్టు, ఆమెది పగటి షిఫ్టు. ఒకరు వచ్చి తలుపు తీసేసరికి ఇంకొకరు చెప్పులేసుకుంటారు. మాట్లాడుకున్నా అద్దె, ఫీజులు, గ్యాసు బండ గురించే.

మనకు సాయంత్రం ఊరికే రాలేదు. 1936 జూలై 30న పుదుచ్చేరిలో సమ్మె చేస్తున్న మిల్లు కార్మికులపై ఫ్రెంచి ప్రభుత్వం కాల్పులు జరిపితే 12 మంది ప్రాణాలు పోయాయి. వి.సుబ్బయ్య నాయకత్వాన సాగిన ఆ పోరాట ఫలితంగానే 1937లో ఎనిమిది గంటల పనిదినం చట్టమయింది. అప్పుడు మన యానాం కూడా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, మిగిలిన ఎనిమిదీ మనవి అన్నది ప్రపంచ కార్మికులందరి మాట. ఆ మూడో ఎనిమిదిని మనం ఏం చేస్తున్నాం? ఓవర్‌టైముకు కొంత, బస్సుకు కొంత పోతున్నది. మందు చవకని పేరుపడిన ఊరు మనది, కనుక మిగిలినది ఎక్కడికి పోతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఊరికి కల్యాణపురమని కూడా పేరుండేది. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు ఇండియాకే గానీ ఇక్కడికి వర్తించలేదు. అందుకని చుట్టుపక్కల జిల్లాలవారు పసిపిల్లల్ని ఇక్కడికి తెచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. ఆ పిల్లలకు ఒకరితో ఒకరికి మాట కలిసిందా లేదా అని అడిగినవారు లేరు. పెళ్ళయిపోయిందిగా, ఇంకా మాటలేమిటనే ధోరణి మన ఇళ్ళలో నేటికీ ఉంది.

మేము కోరేది నెలకొక పూట. ఇద్దరికీ సెలవు కలిసిన రోజు చూసుకోండి. పిల్లల్ని అమ్మమ్మ ఇంటికో, పక్కింటికో పంపండి. వంట ఆ పూట మగవాడిది. మిల్లు నుంచి వచ్చిన ఆడమనిషికి పొయ్యి దగ్గర ఇంకో షిఫ్టు కాచుకుని ఉంటుంది, దానికి డబుల్ రేటు ఎవరూ ఇవ్వరు. మంగళవారం సంతలో తెచ్చుకున్న కూరలు, చిన్న చేపల పులుసు చాలు. పులస జోలికి పోవద్దు. పుస్తెలమ్మి పులస తినమన్న సామెత అమ్మేవాడికి లాభం గానీ మన జీతాలకు కాదు. తల్లో దూది పోయేలా స్నానం చేసి, మూర మల్లెపూలు తెచ్చి, డాబా మీదో వాకిట్లోనో చాప వేసుకోండి. ఫోను లోపల పెట్టండి. ఘంటసాల పాటలు సన్నగా పెట్టుకుంటే మరీ మంచిది. అన్నీ కలిపినా ఒక సీసా ఖరీదు కాదు.

లూము షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసినవారికి చెవులు మొద్దుబారతాయి, గొంతు పెరుగుతుంది. ప్రేమగా పిలిచినా తిట్టినట్టే వినపడుతుంది. దీనిమీద పెద్ద గొడవలే అయ్యాయి. ఆ పూట దగ్గరగా కూర్చుని చెవిలో చెప్పండి. దగ్గరగా కూర్చోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు కూడా. అప్పుల లెక్క మర్నాటికి వాయిదా వేయండి. చిన్ననాటి సంగతులు అడగండి, పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా తెలియనివి ఉంటాయి. ఆమె అలసిపోయి నిద్రపోతానంటే దుప్పటి కప్పి గిన్నెలు కడగండి, అలగవద్దు.

సెలవులు కలవనివారి సంగతి మాకు తెలుసు. ఇద్దరూ మిల్లులోనే పనిచేస్తున్న దంపతులు తమ పేర్లు, టోకెన్ నంబర్లు, వారపు సెలవు రోజులు కాగితం మీద రాసి వచ్చే గేటు మీటింగులోగా ఆఫీసులో ఇవ్వాలి. ఆ జాబితా పట్టుకుని, నెలకు ఒక్క సెలవైనా కలపమని యాజమాన్యాన్ని అడుగుతాము.