తుఫాను గాలికి గాలిపటం కట్టుకుంటే...

కైట్ బోర్డింగ్ గురించి తెలియని వాళ్ళకోసం ముందు రెండు ముక్కలు. కాళ్ళకింద ఓ చిన్న పలక, నడుముకి బిగించిన పట్టీ, దానికి ఇరవై మీటర్లకి అటూ ఇటూగా పొడవుండే తాళ్ళు, వాటి చివర ఓ పెద్ద గాలిపటం. సంక్రాంతికి మనం ఎగరేసేలాంటిది కాదండోయ్, ఇది మనిషినే ఎగరేస్తుంది. నిలకడైన గాలిలో, నేర్చుకున్నవాళ్ళు ఆడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆట మీద నాకే కోపమూ లేదు. గొడవల్లా తుఫాను వస్తోందనగానే బోర్డు చంకన పెట్టుకుని బీచికి పరిగెత్తేవాళ్ళతోనే.

"తుఫాను ఇంకా దూరంగానే ఉందిగా, గాలి ఇరవై నాట్లేగా" అంటారు వాళ్ళు. ఆ ఇరవై అనేది సగటు. సర్వర్ మీద సగటు లోడు చూసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేర్ జనాలకి బాగా తెలుసు. కొంప ముంచేది ఎప్పుడూ పీక్ లోడే. గాలీ అంతే. తుఫాను కేంద్రం ఎక్కడో ఉన్నా, దాని చుట్టూ తిరిగే వాన మేఘాల వరసలు చాలా ముందే వచ్చేస్తాయి. ఒక్కో వరస మీద నుంచి పోతున్నప్పుడు చూస్తుండగానే గాలి రెట్టింపు కావచ్చు. వేగం రెట్టింపైతే పటాన్ని లాగే బలం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

2008 ఆగస్టు 18న ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ బీచిలో ఇదే జరిగింది. 'ఫే' తుఫాను గాలుల్లో ఒకతను కైట్ కట్టుకుని దిగాడు. గాలి విసురుకి పైకి లేచి, ఇసుకలో పడి, ఈడ్చుకుపోయి, మళ్ళీ లేచి, రోడ్డు దాటి ఓ భవనానికి కొట్టుకున్నాడు. ఇదంతా టీవీ కెమెరాకి చిక్కింది. తీవ్రంగా గాయపడ్డా బతికి బయటపడ్డాడు, అదృష్టవంతుడు. గంటకి 74 మైళ్ళ గాలి ఉంటే గానీ హరికేన్ అనరు. ఫే ఆ గీత దాకా రానే లేదు.

"క్విక్ రిలీజ్ ఉంటుందిగా, లాగేస్తే పోలా?" అని ఇంకో మాట. ఉంటుంది. కానీ గంటకి 40 మైళ్ళ గాలి అంటే సెకనుకి దాదాపు 60 అడుగులు. విసురు తగిలి కాళ్ళు నేల వదిలాక, ఆలోచించి చెయ్యి అక్కడికి పోనిచ్చే వ్యవధి ఎక్కడిది? పైగా గాల్లో ఉండగా లాగితే పైనుంచి కింద పడాలి. గాలి సముద్రం నుంచి ఒడ్డుకి వీస్తుంటే, ఎదురుగా ఉండేవి మెత్తటి నీళ్ళు కావు. గోడలు, కరెంటు స్తంభాలు, కార్లు.

ఇక చివరి వాదన, "నా ప్రాణం, నా ఇష్టం". సరే, నీ ఇష్టమే. కానీ నువ్వు కొట్టుకుపోతే ఆ అలల్లోకి దిగాల్సిన లైఫ్‌గార్డుకీ ఇంట్లో పిల్లలుంటారు. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే, చేపల వేటే కూడైన మనిషి కూడా పడవ ఒడ్డుకి లాక్కుంటాడు. సరదాకి ఆడేవాడికి అంతకన్నా తొందరేమిటో నాకైతే అర్థం కాదు.

మంచి గాలి మళ్ళీ వస్తుంది. ఏమంటారు?