కిలోమీటర్లలో కనిపించని గంటలు

గోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి, ఆ గోళాన్ని సరిసమానంగా రెండు సగాలు చేసే వృత్తంలో ఒక ముక్క అవుతుంది. ఆ వృత్తాన్ని మహావృత్తం అంటారు. ఈ లెక్కన శంషాబాద్ విమానాశ్రయం నుంచి చికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. గోడపటంలో చికాగో పడమట, అట్లాంటిక్‌కు ఆవల ఉన్నట్టు కనిపిస్తుంది గాని, గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది హైదరాబాదు నుంచి కొద్దిగా పడమటికి వాలుతూ ఉత్తరానికి సాగి, 79వ ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా చికాగోకు దిగుతుంది.

గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే 14 గంటల 45 నిమిషాలు వస్తాయి. ఈ భాగహారాన్ని నమ్ముకోవడం పొరపాటు, ఎందుకంటే ఆ వేగం విమానం చుట్టూ ఉన్న గాలితో పోల్చినదే తప్ప నేలతో పోల్చినది కాదు. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉరవడిగా పారే గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. భూమి తిరగడం వల్ల పడమటికి త్వరగా చేరతామని కొందరు అనుకుంటారు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది కాబట్టి అది నిజం కాదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమటి వైపు అట్లాంటిక్ దారి మాన్పించి తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపినప్పుడు, దారి 1,400 కిలోమీటర్ల మేర పెరిగి 15,300కు చేరినా, వెనక నుంచి తోసే గాలి పుణ్యమా అని ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లోనే, పాత దారి కంటే ముందుగా, ముగిసింది. దూరానికీ కాలానికీ ఉన్న బంధం ఎంత వదులైనదో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ అరుదు.

గాలి తర్వాత లెక్కలోకి వచ్చేది రాజ్యాల తగవు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేయగానే, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు దక్షిణంగా అరేబియా సముద్రం మీదికి చుట్టు తిరగవలసి వచ్చింది. దారి పెరిగితే ఇంధనం పెరుగుతుంది, కొన్ని విమానాలు మధ్యలో ఇంధనం కోసం దిగక తప్పలేదు.

ఇన్ని కారణాలతో మారే ఈ గంటల లెక్క ముందుగా తెలియవలసింది ప్రయాణికులకే. పిల్లలను చూడడానికి తెలుగు నేల నుంచి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది వయసు మళ్లినవారు. వారి చేతి టికెట్టు మీద బయలుదేరే వేళ ఇక్కడి గడియారంతో, దిగే వేళ అక్కడి గడియారంతో అచ్చవుతుంది. చికాగో వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు మనకు వెనక ఉంటుంది కాబట్టి, ఇల్లు విడిచిన రోజే గమ్యం చేరినట్టు కనిపించవచ్చు. విమానంలో కూర్చునే గంటలు, మారే ఊళ్లో కాచుకునే గంటలు విడివిడిగా, పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసి ఇవ్వడం టికెట్టు అమ్మేవారికి పెద్ద పని కాదు. మధుమేహం ఉన్న మనిషి ఇన్సులిన్ వేళను డాక్టరుతో సరిచూసుకోవలసింది ఆ గంటలను బట్టే.