సంపాదకుని మాట: ఆ చివరి నిమిషాల గురించి

2025 ఏప్రిల్ 3న మన జేఆర్‌డీ టాటా స్టేడియంలో, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ మోహన్ బగాన్‌ను 2–1తో ఓడించింది. ఇంజురీ టైమ్‌లో మన హావి హెర్నాండెజ్ కొట్టిన గోల్‌తో ఊరంతా ఊగిపోయింది. నాలుగు రోజుల తర్వాత కోల్‌కతా సాల్ట్ లేక్‌లో జరిగే రెండో మ్యాచ్‌ను డ్రా చేసుకున్నా చాలు, ఐఎస్ఎల్ ఫైనల్ మనదే. కానీ అక్కడ మన జట్టు తన గోల్ ముందే గుమిగూడింది. బంతి దొరికితే చాలు, దూరంగా తన్నేయడం, మళ్లీ దాడికి ఎదురుచూడడం. రెండో సగంలో మోహన్ బగాన్ ఆటగాడు కమింగ్స్ పెనాల్టీ, ఆట ముగుస్తుండగా అదే జట్టు అపుయా దూరం నుంచి కొట్టిన షాట్. రెండు మ్యాచ్‌లూ కలిపి 3–2తో మన కథ ముగిసింది. బలం చాలక ఓడితే ఇంత బాధ ఉండేది కాదు.

2022లోనూ ఇంతే. 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ గెలిచిన జట్టు కేరళ బ్లాస్టర్స్‌తో రెండు సెమీస్ మ్యాచ్‌ల్లో కలిపి ఒక్క గోలే కొట్టింది, అదీ ప్రణయ్ హల్దర్‌ది. ఆ సీజన్‌లో 10 గోల్స్ కొట్టి, మరో 10 అందించిన గ్రెగ్ స్టివర్ట్‌ను తప్పుపట్టలేం. అతను చూసుకుంటాడులే అన్న మిగతావాళ్ల ధీమానే తప్పుపట్టాలి. అతను వెళ్లిపోయాక జట్టు పదో స్థానానికి దిగజారింది.

కానీ 2025 నాటి కోచ్ ఖాలిద్ జమీల్ జట్టు ఏ ఒక్కరి మీదా ఆధారపడలేదు. అందుకే ఆ సాల్ట్ లేక్ రాత్రి ఇంకా మింగుడుపడటం లేదు. ఈ సంచికలో 2025 నాటి ఆ రెండు మ్యాచ్‌లనూ నిమిషం నిమిషం పరిశీలించాం. మీకేమనిపించిందో రాయండి.