ఎముకకు పరంజా

చర్లపల్లి పారిశ్రామికవాడలో యంత్రమున కాలు నలిగిన కార్మికునకు గాని, ఉప్పల్ కూడలివద్ద లారీ క్రింద పడిన బాటసారికి గాని ఎముక విరుగుటయే కాదు, ఒక్కొక్కప్పుడు తునుక లేచిపోయి నడుమ వెలితి యేర్పడును. విరిగిన యెముక తనంతట నదుకుకొనును; పెద్ద వెలితిని మాత్రము పూడ్చుకొనజాలదు. అట్టియెడ వైద్యులు రోగి తుంటియెముకనుండియే కొంత కోసి తెచ్చి నింపుదురు. ఇది నమ్మదగిన పద్ధతియే. కాని యొక గాయమును మాన్పుటకు రెండవ గాయము చేయవలసి వచ్చుచున్నది. తీయదగిన యెముకయు కొంచెమే.

ఈ కొరత తీర్చుటకే శాస్త్రజ్ఞులు పింగాణి పరంజాలను నిర్మింప బూనిరి. మన యెముకలోని ఖనిజము కాల్షియము, ఫాస్ఫేటులు గూడిన హైడ్రాక్సీఅపటైటు. అట్టి పదార్థమునే పొడిగా చేసి, నీట కలిపి, ఆ చిక్కని ద్రవములో స్పంజిని ముంచి బట్టీలో కాల్చినచో, స్పంజి దగ్ధమై దాని రంధ్రములు మాత్రము పింగాణియందు నిలుచును. ఆ రంధ్రములు మిల్లీమీటరులో పదియవ వంతునకు మించియున్నగాని రక్తనాళములును ఎముకయు లోనికి చక్కగా పెరుగవు. తాపీవాని పరంజాను గోడ లేచిన పిదప మనుష్యులు విప్పుదురు. ట్రైకాల్షియం ఫాస్ఫేటుతో చేసిన యీ పరంజా క్రొత్తయెముక పెరుగుకొలది తానే కరగిపోవును. లోప మొకటి కలదు. పింగాణి పెళుసు, తొడయెముక భారము మోయుటకు లోహపు పలక తోడు కావలెను.

ఇందు మనకేమి పని యని పఠనాలయములలోని పెద్దలు అడుగవచ్చును. చర్లపల్లి ప్రక్కనే, 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు యురేనియం ఆక్సైడు పొడిని అదిమి, కాల్చి, పింగాణి బిళ్ళలు చేయుచున్నది. ఉప్పల్ రోడ్డుననున్న సి.సి.యం.బి.లో జీవకణముల మర్మ మెరిగినవారు కలరు. కొలది మైళ్ళ నడుమ నింత నేర్పుండగా, వీరిరువురును నిమ్సు శస్త్రవైద్యులతో కూర్చుండి మాటలాడవలెనని కోరుట అత్యాశయా? అబ్దుల్ కలాంగారు హైదరాబాదు క్షిపణిశాలలో నున్నప్పుడు నిమ్సు వైద్యు లొకరు అచ్చటి తేలికపదార్థమును చూచి, ఆయనను ఆసుపత్రికి తోడ్కొనిపోయి, సుమారు 3 కిలోల కాలిపట్టీల నీడ్చు పిల్లలను చూపిరి. మూడు వారములలో 300 గ్రాముల పట్టీలు తయారైనవి.

తిరువనంతపురమున శ్రీచిత్ర సంస్థవారు ఎముక పూడ్చు స్వదేశీ పింగాణిని ఇదివరకే రూపొందించిరి. కావున సాధ్యమా యను ప్రశ్నకు తావులేదు. పరీక్షలను తొందరపెట్టుడని మేమనము. కుందేళ్ళయందును గొర్రెలయందును ఎముక పెరుగుటకు వారములు, నెలలు పట్టును. 2017 నాటి వైద్యపరికరముల నిబంధనలును పాటింపవలసినవే. ఆ జాగు న్యాయమైనది. మూడు సంస్థలవారిని ఒక బల్లచుట్టు ఒక్క పూట కూర్చుండబెట్టుటకు మాత్రము ఏ నిబంధనయు అడ్డురాదు. ఆ భారమును ఉప్పల్ శాసనసభ్యులు వహింతురా?