బిగిసింది చక్రమా, చుక్కానా?

శాన్‌ఫ్రాన్సిస్కో బేలో వేసవి మధ్యాహ్నం గాలి ఊరికే ఉండదు. గోల్డెన్ గేట్‌లోంచి దూసుకొచ్చి 20 నాట్లు దాటేస్తుంది. జూలైలో ఓ శనివారం మా తెరచాప పడవ సరిగ్గా ఆ గాలిలో ఉంది. ఎదురుగా ఫెర్రీ. పక్కకి తప్పుకుందామని స్టీరింగ్ చక్రం తిప్పితే కదల్లేదు. కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో లాగితే మూలుగుతూ కొంచెం తిరిగింది. ఈలోపు ఫెర్రీ ఐదు పొట్టి హారన్లు కొట్టింది. నీళ్ల మీద దానికి అర్థం, 'నువ్వేం చేస్తున్నావో నాకు తెలియట్లేదు, ప్రమాదం' అని. నిజానికి నాకూ తెలియట్లేదు.

ఎలాగో తప్పుకున్నాం.

ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి కొనుక్కున్న 1983 నాటి పడవ అది. 32 అడుగులు. వయసులో మా ముగ్గురికీ అక్క. చక్రం కాస్త టైట్ అని కొన్నరోజే తెలుసు. "పాతది కదా, అలాగే ఉంటుందిలే" అని సర్దుకుపోయాం. మరీ బిగిసినప్పుడు తుప్పు వదిలించే స్ప్రే కొట్టేవాళ్లం. వాసన వారం ఉండేది, ఫలితం ఒక్కపూట కూడా ఉండేది కాదు.

ఆ సాయంత్రం రేవులో పక్క పడవ పెద్దాయన మా కథంతా విని ఒక్కటే అడిగారు: "బిగిసింది చక్రమా, చుక్కానా?"

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. రెండూ ఒకటే అనుకున్నాం మరి!

కాదు. చక్రం తిప్పితే దాని ఇరుసు మీదున్న పళ్లచక్రం ఒక చైన్‌ని లాగుతుంది, అచ్చం సైకిల్లో లాగే. ఆ చైన్ రెండు కొసలకీ స్టీలు కేబుళ్లు. అవి చక్రం నిలబడ్డ స్తంభం కింద గిలకల మీదుగా మలుపు తిరిగి వెనక్కి వెళ్లి, చుక్కాని కడ్డీకి బిగించిన పావుచక్రాన్ని లాగుతాయి. బావి గిలక చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. చిక్కేమిటంటే, మధ్యలో ఎక్కడ పట్టేసినా మన చేతికి తెలిసేది ఒక్కటే: టైట్‌గా ఉంది.

అందుకే ముందు రెండింటినీ విడదీయాలి. మర్నాడు పడవ రేవులో కట్టేసి ఉండగానే మొదలుపెట్టాం. చక్రానికి బ్రేకు ఉంటుంది, అది వదిలి ఉందో లేదో మొదట చూశాం. నవ్వకండి, చాలామంది మర్చిపోయేది అదే. తర్వాత పావుచక్రం దగ్గర కేబుళ్లు విప్పాం. కొన్నప్పటి నుంచీ లాకర్ అడుగున పడున్న ఎమర్జెన్సీ టిల్లర్‌ని చుక్కాని కడ్డీ తలకి తగిలించి తిప్పితే, వెన్నలా తిరిగింది. అంటే చుక్కాని బాగుంది. అక్కడే బిగిసి ఉంటే కథ వేరు. పాత పడవల్లో నైలాన్ బేరింగులు నీళ్లు పీల్చి ఉబ్బి కడ్డీని పట్టేస్తాయి. పడవని ఒడ్డుకెక్కించాల్సి రావచ్చు.

ఇక టార్చ్ పట్టుకుని స్తంభం కిందకి దూరాను. రెండు గిలకల్లో ఒకటి అసలు తిరగడమే లేదు. ఉప్పు పేరుకుని పిన్ను పట్టేసింది. కేబుల్ దాని మీద దొర్లకుండా రాసుకుంటూ పోతోంది. పెద్దాయన టిష్యూ ఇచ్చి, "దీంతో కేబుల్ పొడవునా తుడువు, ఉత్త వేళ్లతో వద్దు" అన్నారు. గిలక దగ్గరికి రాగానే టిష్యూ పీచులు పీచులుగా చిక్కుకుంది. ఆ కేబుల్లో 7 పాయలు, పాయకి 19 తీగలు, మొత్తం 133. వాటిలో కొన్ని తెగి ముళ్లలా లేచి ఉన్నాయి.

అప్పుడు పట్టుకుంది నాకు వణుకు. శనివారం నేను కాలు తన్నిపెట్టి లాగింది ఆ కేబుల్‌నే. అది తెగి ఉంటే, ఫెర్రీ ముందు నా చక్రం హాయిగా గిర్రున తిరిగేది. చుక్కాని మాత్రం కదిలేది కాదు.

గిలక, పిన్ను మార్చాం. కేబుళ్లు రెండూ కొత్తవి వేశాం. చైన్‌కి గ్రీజు కాదు, 30 నంబరు ఇంజిన్ ఆయిల్ వేశాం. గ్రీజు లింకుల లోపలికి దిగదు. కేబుల్‌ని అతిగా బిగించినా చక్రం బరువెక్కుతుంది. చక్రాన్ని కదలకుండా ఆపినప్పుడు పావుచక్రం చేత్తో కదలకపోతే చాలు, ఆ పైన ఒక్క మర కూడా వద్దు.

ఇంకో మాట. రేవులో తేలిగ్గా తిరిగే చక్రం గాలిలో మాత్రమే బరువెక్కితే, తప్పు స్టీరింగ్‌ది కాకపోవచ్చు. గాలికి తగ్గట్టు తెరచాప కుదించకపోతే పడవ గాలివైపు తిరగబోతుంది, దాన్ని మనం చుక్కానితో ఆపుతుంటాం. అప్పుడు విప్పాల్సింది కేబుల్ కాదు, తగ్గించాల్సింది తెరచాప.

ఇప్పుడు మా చక్రం రెండు వేళ్లతో తిరుగుతోంది. అయినా నెలకోసారి ఆ స్తంభం కిందకి దూరి కేబుల్ తుడుస్తాను. టిష్యూ చిరగకుండా చేతికొస్తేనే రేవులో తాళ్లు విప్పేది.