బొమ్మ మసకైతే మాట తేలిపోతుంది!

మేడ్చల్ రోడ్డు వెంట కాలేజీలే కాలేజీలు. కండ్లకోయ, మైసమ్మగూడ, మేడ్చల్... పొద్దున ఎనిమిదైతే చాలు, ఎటు చూసినా కాలేజీ బస్సులే. శామీర్‌పేట వైపు వెళ్తే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు. ఎవరి చదువు వాళ్లదే, ఎవరి పని వాళ్లదే. కానీ అందరికీ తప్పని పరీక్ష ఒకటుంది. ప్రొజెక్టర్ పక్కన నిలబడి, స్లయిడ్లు చూపిస్తూ తాము చేసిన పనిని నలుగురి చేతా ఔననిపించుకోవడం.

నెలల తరబడి చేసిన ప్రాజెక్టును చెప్పుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. సరిగ్గా ఫలితాల గ్రాఫు వచ్చేసరికి తెర మీద అంకెలు అలుక్కుపోయాయనుకోండి. 'ఆ అంకె ఎంత బాబూ?' అని అడుగుతారు పరీక్షించడానికి వచ్చినవాళ్లు. ఇక అక్కణ్నుంచి చర్చంతా బొమ్మ మీదే. అసలు విషయం పక్కకు పోతుంది. 'నా ల్యాప్‌టాప్‌లో బాగానే కనిపించింది' అంటే వినేదెవరు? తయారు చేసేటప్పుడు స్లయిడ్ చిన్న పెట్టెలో కనిపిస్తుంది. తెర నిండా పరిచినప్పుడే లోపం బయటపడుతుంది.

లెక్క చాలా చిన్నది

తెర మీద కనిపించే బొమ్మంతా చుక్కల కూర్పే. వాటినే పిక్సెళ్లంటాం. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం సుమారు 20.7 లక్షలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌తో తీసిన ఫొటోలో ఉండేవి 1.2 కోట్లు. తెరకు కావలసిన దానికంటే దాదాపు ఆరు రెట్లు! మరి మసక ఎక్కణ్నుంచి వచ్చింది? దారిలో పోగొట్టుకోవడం వల్ల.

ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు ముందు కనిపించే చిన్న నమూనా బొమ్మనే చాలామంది కాపీ చేసేస్తారు. దాని వెడల్పు 300 చుక్కలనుకుందాం. దాన్ని 1920కి సాగదీస్తే, ఒక్కో చుక్క దాదాపు 40 చుక్కల చోటు నింపాలి. పావు లీటరు పాలను బిందెడు చేయమంటే నీళ్లు కలపక ఏం చేస్తాం? అందుకే బొమ్మ మీద నొక్కి, అది ఉన్న అసలు పేజీకి వెళ్లి పెద్ద సైజుది తీసుకోవాలి. స్లయిడ్ నిండా పరిచే బొమ్మకు 1920 చుక్కల వెడల్పు, సగం స్లయిడ్‌కైతే 960. ఇది గుర్తుంటే చాలు. '300 డీపీఐ' లెక్క అచ్చుకే గానీ తెరకు పనికిరాదు.

స్నేహితులు ఫొటోలు మామూలుగా వాట్సప్‌లో పంపితే అది వాటిని కుదించేస్తుంది. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపమనండి. అసలు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. పవర్‌పాయింట్ కూడా సేవ్ చేసేటప్పుడు బొమ్మల్ని కుదించే అవకాశముంది. బొమ్మలు చేర్చకముందే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' దగ్గర టిక్కు పెట్టండి.

ఏ బొమ్మకు ఏ తీరు?

మనుషులు, చెట్లు, చెరువుల ఫొటోలకు జేపెగ్ ఫైలు చాలు. అక్షరాలు, గీతలు ఉండే గ్రాఫులకు మాత్రం అది నప్పదు. ఎక్కువగా కుదించినప్పుడు అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలొస్తాయి. వాటికి పీఎన్‌జీ మేలు. ఎస్‌వీజీలో దొరికితే మరీ మంచిది, ఎంత సాగదీసినా గీత చెదరదు. గ్రాఫుకు స్క్రీన్‌షాట్ తీయకుండా, దాన్ని గీసిన సాఫ్ట్‌వేర్ నుంచే పెద్ద సైజులో సేవ్ చేసుకోండి.

న్యాయశాస్త్ర విద్యార్థులకు వేరే చిక్కు. తీర్పు ప్రతిని పేజీకి పేజీ స్లయిడ్‌లో పెట్టేస్తుంటారు. పేజీలో 40 వరుసలుంటే, 1080 చుక్కల ఎత్తులో ఒక్కో వరుసకు దక్కేది ఖాళీతో కలిపి 27 చుక్కలే. చదివేదెలా? కావలసిన పేరా వరకే కత్తిరించి పెద్దది చేయండి. ఆ పేజీని ముందే ఎక్కువ నాణ్యతతో స్కాన్ చేసుకుంటే కత్తిరించినా స్పష్టంగా ఉంటుంది.

పదును వేరు, కల్పన వేరు

ఇప్పుడు మసక బొమ్మను క్షణాల్లో తళతళలాడించే కృత్రిమ మేధ పరికరాలొచ్చాయి. పుట్టినరోజు ఫొటోకైతే ముచ్చటే. కానీ అవి పోయిన చుక్కల్ని వెనక్కి తేవు. అక్కడ ఏముండొచ్చో ఊహించి కొత్తవి గీస్తాయి. మైక్రోస్కోప్‌లో తీసిన కణం బొమ్మకు ఆ పని చేస్తే? లేని గీత ఉన్నట్టు కనిపించొచ్చు. పరిశోధనలో బొమ్మే సాక్ష్యం. సాక్షి ఊహించి చెబితే ఎలా? 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ' అనే పరిశోధన పత్రిక 2002 నుంచే వ్యాసాల్లోని బొమ్మల్ని దిద్దారేమోనని పరిశీలించడం మొదలుపెట్టింది. వెలుతురు పెంచితే బొమ్మ మొత్తానికీ ఒకేలా పెంచాలి, అదీ ఉన్న వివరం మరుగున పడకుండా. ఒక మూలను మాత్రమే దిద్దడం కూడదు. బొమ్మ మసకగా ఉంటే మళ్లీ తీయడమే మందు. అది కుదరకపోతే చిన్నగానే చూపించి, నోటితో వివరించడం నిజాయతీ.

చివరగా ఒక్క పని. ముందురోజే ఆ గదికి వెళ్లి, ల్యాప్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగ్‌ను ఆ ప్రొజెక్టర్ అసలు రిజల్యూషన్‌కు మార్చండి. స్లయిడ్లు తెర నిండా వేసి ఆఖరి బెంచీలో కూర్చోండి. అక్కణ్నుంచి అంకెలు చదవగలిగితే మీ బొమ్మలు సిద్ధమైనట్టే. చదవలేకపోతే బాధపడకండి, సరిదిద్దుకోవడానికి ఇంకా ఒక రాత్రి ఉంది.